సైరన్ లేని గల్లీలో హేబ్సిబా

బీదర్‌లో మంగల్‌పేట వెనక బేతేలు గల్లీ అని ఒకటుంది. రెండు బైకులు ఎదురుపడితే ఒకటి ఎవరో ఒకరి అరుగు వైపు ఒదగాల్సిందే, అంత ఇరుకు. ఆ గల్లీలో హేబ్సిబాను ఎరగనివాళ్లు లేరు. మొదట్లో ఆమె ఒక చిన్న ఆసుపత్రిలో ఆయాగా చేసేది. మంచం పట్టినవాళ్లకు ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, వాళ్ల విసుగును ఓర్చుకోవడం ఆమెకు బాగా అలవడింది. చర్చిలో ఎవరో చెబితే చిన్న కోర్సు ఒకటి చేసి, ముసలివాళ్లను చూసుకునే పని మీద ఇజ్రాయెల్ వెళ్లింది. అప్పటికి కూతురు షెకినాకు ఆరేళ్లు. భర్త ఏసురాజు ఊరి బయట కొల్హార్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. పిల్లను అత్త సారమ్మ చూసుకుంది.

అక్కడ హేబ్సిబాకు దొరికిన ముసలామె పేరు జివా. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. మోకాళ్లు పోయాయి కానీ నోరు మాత్రం బాగానే ఉండేది. ఆమె ఉండే మూడంతస్తుల పాత భవనంలో బాంబులు పడితే దాక్కునే గది లేదు. అందుకే యుద్ధం మొదలయ్యాక సైరన్ మోగినప్పుడల్లా హేబ్సిబా ఆమెను చంకల కింద పట్టుకుని మెట్ల మలుపు దగ్గరికి తీసుకెళ్లేది. పై ఇంటివాళ్లు, కింది ఇంటివాళ్లు అందరూ అక్కడికే వచ్చి గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు. ఎక్కడో ఆకాశంలో ధన్‌మని పేలేది. కాసేపు చూసి ఎవరిళ్లలోకి వాళ్లు పోయేవాళ్లు. జివా కూర్చుంటూనే కాఫీ అడిగేది. మొదటి వారం హేబ్సిబా కాఫీలో పంచదారకు బదులు ఉప్పు వేసింది. తరువాత తరువాత సైరన్ అంటే చెయ్యాల్సిన పనిగా మారింది. చెప్పులు, తాళం, నీళ్ల సీసా, జివా. అంతే.

అలాగని జివాకు భయం లేదని కాదు. ఆమె భయాలు వేరే ఉండేవి. ఎప్పుడో వయసులో ఉండగా ఊళ్లో బస్సులో బాంబు పేలిందట, అప్పటి నుంచి బస్సెక్కలేదు. ఒకసారి స్నానాల గదిలో పైపు పగిలితే బాగు చేయడానికి ఒక అరబ్ పనివాడు వచ్చాడు. అతను వస్తున్నాడని తెలియగానే జివా వంటింటి కత్తులన్నీ తీయించి బీరువాలో పెట్టించింది, అతనికి టీ కూడా ఇవ్వొద్దంది. హేబ్సిబా ఇవ్వలేదు. అతను పని సగంలో ఉండగా సైరన్ మోగింది. ముగ్గురూ మెట్ల మలుపు దగ్గరికి చేరారు. మోకాళ్లు ఆగక జివా ఆ మనిషి మోచెయ్యి పట్టుకుంది, పేలుడు వినిపించేదాకా వదల్లేదు. అతను కూడా ఆమెను కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి వచ్చాక అతను పైపు బిగించి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. తలుపు వేసుకున్న వెంటనే జివా బీరువా తెరిచి, కత్తులన్నీ ఉన్నాయో లేదో చూడమంది. ఆ సంగతి హేబ్సిబా చాలా రోజులు మరిచిపోలేదు.

ఇక్కడ బేతేలు గల్లీలో సారమ్మ ఆ యుద్ధాన్ని టీవీలో చూసేది. పొద్దున లేచింది మొదలు ఎర్ర అక్షరాలు, మంటలు, గుండె మీద డోలు కొట్టినట్టు మోత. ఆమెకు ఆ దేశం ఎంతుంటుందో తెలియదు, కోడలు ఏ మూల ఉందో తెలియదు. టీవీలో ఏ ఇల్లు కూలినా అది కోడలున్న ఇల్లే అనుకునేది. వీడియో కాల్‌లో హేబ్సిబా ఎంత నవ్వుతూ మాట్లాడినా నమ్మేది కాదు.

"నువ్వు అబద్ధం చెప్తున్నవ్ బిడ్డా. టీవీల మొత్తం కాలిపోతాంది. మేం చూస్తనే ఉన్నం."

"అత్తమ్మా, నేనిప్పుడే కూరగాయలు తెచ్చిన. జర కిటికీల నుంచి చూడు, పిల్లలు ఆడుకుంటుండ్రు."

కిటికీలోంచి పార్కు చూపించినా సారమ్మకు కుదుటపడేది కాదు. షెకినాను బడికి పంపడం, తీసుకురావడం తప్ప గడప దాటనిచ్చేది కాదు. యుద్ధం వార్తలు పాతబడ్డాయి, కానీ టీవీ పాతబడలేదు. అదే మోతతో పిచ్చికుక్కలను చూపించింది, కొత్త జ్వరాన్ని చూపించింది, పట్టపగలు ఇళ్లలో దూరే దొంగలను చూపించింది. సారమ్మ అన్నిటికీ ఒకేలా బెదిరింది.

జివా ఒక చలికాలం నిద్రలోనే పోయింది. బాంబు కాదు, ముసలితనం. హేబ్సిబా మళ్లీ ఇంకో ఇంట్లో చేరకుండా బీదర్‌కు వచ్చేసింది. వచ్చిన రోజు షెకినా ఆమెకంటే రెండు వేళ్లు తక్కువ ఎత్తుంది. అంత ఎదిగిన పిల్ల సందు చివరి కిరాణా కొట్టుకు ఒంటరిగా వెళ్లడానికి భయపడుతుంటే హేబ్సిబాకు ఆశ్చర్యమేసింది. అక్కడ సైరన్ల మధ్య పిల్లలు తమంతట తామే బస్సెక్కి బడికి పోవడం ఆమె చూసింది. ఆ మాట అంటే సారమ్మ మొహం తిప్పుకుంది.

ఆ ఎండాకాలం ఫోన్లలో ఒక మాట తిరగడం మొదలైంది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా దిగిందట. మొదట కన్నడంలో ఒక మగ గొంతు, రెండు రోజులకు అదే మాట తెలుగులో ఒక ఆడ గొంతు, తరువాత దక్కనీ ఉర్దూలో ఇంకొకటి. పక్క తాలూకాలో ముగ్గురు పిల్లలు పోయారని ఒకటి, ఆరుగురని ఒకటి. ఏ ఊరో, ఎవరి పిల్లలో ఎందులోనూ లేదు. మాటతో పాటు మసకగా ఉన్న తెల్ల వ్యాన్ ఫోటో ఒకటి. ఏసురాజు దాన్ని చూపించినప్పుడు హేబ్సిబా ఫోను చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టి చూసింది. ఈ ఫోటో ఆమె ఇదివరకే చూసింది. జివా భవనంవాళ్ల గ్రూపులో, హీబ్రూలో, ఇళ్లు దోచే దొంగల వ్యాన్ అని వచ్చింది.

"ఇది ఆడ గూడ వచ్చింది, ఇదే ఫోటో," అంది.

ఏసురాజు ఫోటోను మళ్లీ చూశాడు. "అంటే వాళ్లు ఆడ గూడ తిరుగుతున్నరన్నట్టే గద," అన్నాడు.

అతను ఎగతాళికి అనలేదు. హేబ్సిబా ఫోను అతని చేతిలో పెట్టేసింది.

భీమ్‌రావ్ ఆ గల్లీకి వచ్చింది ఆ రోజుల్లోనే. కమలనగర్ పక్క పల్లె అతనిది. మోపెడ్ వెనక స్టీలు గిన్నెలు, ముందు ఒక గోనెసంచి. ఆడవాళ్లు దువ్వుకున్నాక రాలిన జుట్టు తీసుకుని, బదులుగా గిన్నెలో, క్లిప్పులో, రబ్బరు బ్యాండ్లో ఇస్తాడు. ఇన్నేళ్లుగా అతని బేరమంతా ధన్నూర చుట్టుపక్కల పల్లెల్లోనే. ఆ పల్లెల్లో ఈసారి కొత్తవాళ్లు రావద్దని కుర్రాళ్లు కాపలా పెట్టారు. రెండు చోట్ల వెనక్కి పంపితే, పట్నంలో ఎవరూ పట్టించుకోరులే అని బీదర్ వైపు మళ్లాడు. ఇవన్నీ హేబ్సిబాకు తరువాత తెలిశాయి.

ఆదివారం. చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నారు. ఏసురాజు చాప మీద వాలాడు. హేబ్సిబా పెరట్లో బట్టలు ఉతుకుతోంది. గల్లీలో "ఎంట్రుకలకు గిన్నెలూ" అని కేక వినిపించింది. సారమ్మకు దువ్వినప్పుడు రాలిన జుట్టును ఉండ చుట్టి గోడ సందులో దోపడం అలవాటు. షెకినా ఆ ఉండలన్నీ ఏరుకుని, ఇన్నాళ్లకు నవ్వుకుంటూ గడప దాటి వెళ్లింది. భీమ్‌రావ్ చేత్తోనే తూకం చూసి రెండు క్లిప్పులు ఇచ్చాడు. పిల్ల జడ నడుం దాకా ఉంటుంది. దాన్ని వేళ్లతో పైకెత్తి చూసి, మంచి జుట్టు, రాలింది పారేయకు, దాచిపెట్టు అని మరాఠీలోనో దక్కనీలోనో ఏదో అన్నాడు.

సారమ్మ కిటికీలోంచి చూసింది. ఆమెకు కనిపించింది కొత్త మనిషి, గోనెసంచి, మనవరాలి జడ మీద చెయ్యి.

"పిల్లను పట్టిండు," అని అరిచింది.

ఆ రెండు మాటలు చాలాయి. ఏసురాజు నిద్రలోంచి లేచి లేవగానే పరుగెత్తాడు. మొదటి దెబ్బ అతనే కొట్టాడు. చెంప మీద ఒక్కటి. అప్పటికే పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. ఎవరో మోపెడ్‌ను తన్ని పడేశారు, గిన్నెలు గల్లీ పొడవునా దొర్లాయి. ఎవరో ఫోను పైకెత్తి పట్టుకున్నారు. ఎక్కడివాడివని ఒకరు తెలుగులో, ఒకరు కన్నడంలో అడుగుతున్నారు. భీమ్‌రావ్ ఏం చెప్పబోయినా నోటి మీద దెబ్బ పడుతోంది. తరువాత ఏసురాజు చేతులు చాచి ఆపబోయాడనీ ఎవరూ ఆగలేదనీ కొందరన్నారు. అతను మాత్రం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

హేబ్సిబా తడి చేతులతో వచ్చేసరికి ఎవరో గోనెసంచి మూతి కోశారు. సంచి నిండా జుట్టు. నల్లది, తెల్లది, గోరింటాకు పెట్టి ఎర్రబడింది, ఉండలు ఉండలుగా నేల మీదికి జారింది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. అన్ని తలల జుట్టు ఒక్కచోట పడి ఉంటే హేబ్సిబా కూడా గడప దగ్గరే ఆగింది. ఆ తరువాత ఎవరో అన్నారు, అవన్నీ ఎత్తుకుపోయిన ఆడపిల్లల జుట్టేనని.

ఆ మాట అందరి నోళ్లలోకి పాకేలోపు ఆమె గుంపులో దూరింది. ఎందుకు దూరిందో, ఏమనుకుని దూరిందో తరువాత ఎంత తలచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు. ముసలామెను పట్టుకున్నట్టే ఆ మనిషిని చంకల కింద చేతులు వేసి లేపింది. తన ఇంటి గడప నాలుగడుగుల దూరంలో ఉంది. లోపలికి తోసి, ఏసురాజు చొక్కా పట్టుకుని గుంజింది.

"నువ్వు ఈడ నిలబడు. లోపల నీ బిడ్డ ఉంది, నీ తల్లి ఉంది. తలుపు పలగ్గొడ్తే నీ ఇల్లే పోతది."

ఆమె లోపల గడియ పెట్టుకుంది. ఏసురాజు బయట తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. కాసేపటి కింద కొట్టినవాడే ఇప్పుడు అడ్డం నిలబడితే గుంపుకు ఏం చెయ్యాలో తెలియలేదు. తిట్టారు. కిటికీ మీద రాయి పడింది. కానీ అందరూ ఎరిగిన మనిషి, రోజూ పలకరించే మనిషి. అతన్ని లాగి పక్కకు పడెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

లోపల ఒకే గది. భీమ్‌రావ్ గోడ వారగా కూలబడ్డాడు, మణికట్టు వేలాడిపోయింది. హేబ్సిబా పోలీసులకు ఫోను చేసి, పాత చీర చింపి చేతికి కట్టింది. సారమ్మ మంచం మీద మనవరాలిని ఒళ్లోకి లాక్కుని, దొంగను తెచ్చి పిల్ల పక్కన పెట్టావని కోడలిని శాపనార్థాలు పెడుతోంది. షెకినా ఆ చేతుల్లోంచి విడిపించుకుంది.

"నేనే పోయిన నాయనమ్మా," అంది. "నీ ఎంట్రుకలు నేనే ఇచ్చిన. క్లిప్పులు ఇచ్చిండు, అంతే."

సారమ్మ ఆ మాట విన్నదో లేదో. "నీకేం తెల్వదు బిడ్డా," అంటూనే ఉంది. బయటివాళ్లకైతే వినపడనే లేదు.

పోలీసులు వచ్చి అతన్ని జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. పిల్లలెవరూ ఎక్కడా పోలేదని, ఇతను జుట్టు కొనేవాడని ఒక పోలీసు జమాదారు గల్లీలో నిలబడి రెండు భాషల్లో చెప్పి వెళ్లాడు. అందరూ తల ఊపారు. ఆ సాయంత్రానికే ఫోన్లలో నడిపే ఒక లోకల్ ఛానెల్‌లో ఆ వీడియో వచ్చింది. ఎర్ర అక్షరాల్లో పిల్లల దొంగ పట్టుబడ్డాడని, జుట్టు సంచి చుట్టూ ఒక ఎర్ర గుండ్రం, చివర్లో హేబ్సిబా అతన్ని లోపలికి లాగుతుంటే ఈ మహిళ ఎవరు అని ఒక ప్రశ్న. వీడియో పొడవునా కింద సైరన్ మోత కలిపారు.

ఎదురింట్లో ఆ వీడియో పెట్టారు. హేబ్సిబా బియ్యం కడుగుతోంది. ఆ మోత చెవిన పడగానే ఆమె కాళ్లు ఆమె మాట వినలేదు. లేచి, గిన్నె అక్కడే వదిలేసి, షెకినా చెయ్యి పట్టుకుని గోడ మూలకు వెళ్లి నిలబడింది. అక్కడ మెట్లు లేవు. ఎవరూ వచ్చి పక్కన నిలబడలేదు. ఎదురింట్లో వీడియో అయిపోయింది, మళ్లీ మొదటి నుంచి పెట్టారు. అన్నేళ్ల యుద్ధంలో లేనంత భయం ఆమెకు ఆ మూలలో వేసింది.

తరువాత కొన్నాళ్లు గల్లీలో ఆమెతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. కొళాయి దగ్గర ఆమె బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. చెడ్డవాళ్లేమీ కాదు. ఆమెను చూస్తే ఆ ఆదివారం గుర్తొచ్చేదేమో. ఇజ్రాయెల్‌లో ఉండి ఉండి ఆమె గుండె రాయి అయ్యిందని, కన్నబిడ్డ కంటే ఎవడో ఎక్కువయ్యాడని ఒకామె సారమ్మతో అన్నదట. షెకినా మళ్లీ గడప దాటడం మానేసింది. ఆ పిల్లకు దొంగల భయం లేదు, తాను బయటికి పోతే ఎవరినో కొడతారన్న భయం. తల దువ్వుకోవడానికి కూడా వెనకాడేది. ఆ సంగతి షెకినా తల్లితో ఒక్కసారే చెప్పింది.

మోపెడ్ గల్లీ చివర మురికి కాలువ పక్కన పడి ఉంది. ఎవరూ తీసుకెళ్లలేదు. ఒకరోజు ఏసురాజు ఎవరికీ చెప్పకుండా దాన్ని ఆటోలో వేసుకుని కొల్హార్ తీసుకెళ్లాడు. షిఫ్టు అయ్యాక ఆగి, వంగిన ముందు కడ్డీ సరిచేసి, పగిలిన లైటు మార్చాడు. అది నడిచింది. హేబ్సిబా ఆ రోజు ఏరిపెట్టిన గిన్నెలు, జుట్టు సంచి తీసుకుంది. జమాదారును అడిగి ఊరి పేరు తెలుసుకుని, ఇద్దరూ ఆ మోపెడ్ మీదే కమలనగర్ వైపు బయలుదేరారు.

పల్లెలో వాళ్లను మొదట చూసింది పిల్లలు. చూడగానే ఇళ్లలోకి పరుగెత్తారు. ఎవరింటికి, ఏం పని, సంచిలో ఏముంది అని అరుగు మీది ఇద్దరు మరాఠీలో అడిగారు. ఒకడు ఫోను తీశాడు. ఏసురాజు మోపెడ్ ఆపి చేతులు కనిపించేలా పెట్టి నిలబడ్డాడు. అతని మెడ మీద చెమట హేబ్సిబాకు కనిపించింది. భీమ్‌రావ్ పేరు చెప్పినా వాళ్లు నమ్మలేదు. ఇంటి తలుపు కొడితే అతని కోడలు సోనాలి కిటికీలోంచి చూసి తియ్యనంది. లోపలున్న భీమ్‌రావ్ హేబ్సిబా గొంతు గుర్తుపట్టి చెప్పాకే గడియ తీసింది.

చేతికి కట్టు ఇంకా ఉంది. మనిషి సగమయ్యాడు. మోపెడ్‌ను చూసి బాగున్న చేత్తో సీటు నిమిరాడు. ఏసురాజు వైపు చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియలేదు, నీళ్లు మాత్రం ఇద్దరికీ ఇప్పించాడు. పల్లెల్లో తిరిగి తిరిగి నేర్చుకున్న తెలుగులో మాట్లాడాడు. ఇక తిరగనని, చెయ్యి బాగైతే ఏదైనా కాపలా పని చూసుకుంటానని చెప్పాడు. నాలుగేళ్ల మనవడు గడప దగ్గరికి పోతే కేకేసి లోపలికి పిలిచాడు. హేబ్సిబా పిల్లవాడిని చూసి నవ్వితే, వాడు తాత వెనక్కి వెళ్లాడు.

"నేను దొంగ కాదు తల్లీ," అన్నాడు భీమ్‌రావ్. "నన్ను గల్తీల పట్టిండ్రు. కానీ పట్టేటోళ్లు ఉన్నరు. ఫోన్ల వచ్చింది. తెల్ల వ్యాన్. నేను చూసిన."

హేబ్సిబా గ్లాసు కింద పెట్టింది. అతను నిజంగానే నమ్ముతున్నాడు. ఆమెను జాగ్రత్తగా ఉండమని, పాపను జడ వేసి బయటికి పంపొద్దని కూడా చెప్పాడు. తిరుగు బస్సులో ఏసురాజు కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. భాల్కి దాటాక, "ఆయనకు తెల్సు, నేనే కొట్టిన అని," అన్నాడు. హేబ్సిబా అతని చేతి మీద చెయ్యి వేసింది.

వానాకాలం వచ్చేసరికి గల్లీవాళ్లు మాట్లాడుకుని రెండు వైపులా కెమెరాలు పెట్టించారు, ఒక చివర ఇనుప గేటు కూడా. హేబ్సిబా మొదట వద్దంది. కొన్నాళ్లు ఆ ఒక్క ఇంటి సంతకమే ఆగింది. చివరికి సంతకం పెట్టింది. షెకినా గేటు వచ్చాక నిద్రపోతోంది. తల్లికి అంతకు మించి వాదించే ఓపిక లేకపోయింది.

ఇప్పుడు హేబ్సిబా ఊళ్లోనే మంచం పట్టిన ఒక పెద్దాయనను చూసుకునే పనికి వెళ్తోంది. కెమెరాలు సారమ్మ ఫోనులో కనిపిస్తాయి. సారమ్మ టీవీ చూడడం దాదాపు మానేసింది. మధ్యాహ్నమంతా కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను మోకాలికి ఆనించి, ఖాళీ గల్లీని చూస్తూ కూర్చుంటుంది. ఒక పిల్లి పోతుంది. ఒక కొబ్బరి మట్ట గాలికి కదులుతుంది.

మొన్న హేబ్సిబా పని నుంచి తిరిగి వస్తుంటే చినుకులు పడ్డాయి. కొంగు తల మీదికి లాక్కుని, భుజాన సంచితో గేటు తీసి గల్లీలో అడుగు పెట్టింది. ఫోను మోగింది. అత్త.

"హేబ్సిబా, యాడున్నవ్? జల్ది రా. ఎవరో వస్తుండ్రు. మొకం కనబడ్తలేదు. భుజం మీద సంచి ఉంది."

హేబ్సిబా అక్కడే ఆగింది. గల్లీ ముందూ వెనకా చూసింది. ఎవరూ లేరు. తలెత్తితే స్తంభం మీది కెమెరా, దాని కింద చిన్న ఎర్ర దీపం.

"ఆగిపోయిండ్రు," అంది సారమ్మ, గొంతు తగ్గించి. "ఇటే చూస్తుండ్రు."

హేబ్సిబా కొంగు వెనక్కి తీసింది, వాన మొహం మీద పడింది.

"అత్తమ్మా," అంది, "అది నేనే."